పక్షవాతం కేసులో సీటీ బ్రెయిన్ నాయిస్ తగ్గించి తీయడం ఎలా

రాత్రి రెండు గంటలకు 108 వచ్చి గుమ్మం ముందు ఆగుతుంది. సోంపేట వైపు నుంచో, పాలకొండ వైపు నుంచో తెచ్చిన పేషెంట్. మూతి వంకర పోయింది, కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. వెంట వచ్చినవాళ్లు "పడుకున్నప్పుడు బాగానే ఉన్నాడు బాబూ" అంటారు. అప్పుడు డాక్టరుకు సీటీ నుంచి కావాల్సినవి రెండు జవాబులు. మెదడులో రక్తం చిందిందా? చిందకపోతే, రక్తం అందక దెబ్బతిన్న భాగం ఏదైనా కనిపిస్తోందా?

మొదటి ప్రశ్నకు పాత మెషీన్ కూడా జవాబు చెబుతుంది. కొత్తగా చిందిన రక్తం 50 నుంచి 70 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల (నీటిని సున్నాగా పెట్టి సాంద్రతను చెప్పే సీటీ అంకెలు) దగ్గర తెల్లగా కనబడిపోతుంది. కష్టమంతా రెండోదానితోనే. నాడీకణాలుండే గ్రే మేటర్ నలభైకి కాస్త తక్కువగా, వాటి తీగలుండే వైట్ మేటర్ ముప్పైకి అటూఇటూ ఉంటాయి. ఈ రెంటి మధ్య తేడాయే పది యూనిట్ల లోపు. రక్తం అందని చోట నీటి శాతం ఒకటి పెరిగితే అక్కడి విలువ సుమారు రెండున్నర యూనిట్లు పడుతుంది. మొదటి గంటల్లో మనం వెతికేది అంత చిన్న తేడాని. ఇమేజ్ మీద ఇసుక చల్లినట్టు నాయిస్ ఉంటే ఆ తేడా అందులోనే కలిసిపోతుంది.

నేను పద్నాలుగేళ్లుగా శ్రీకాకుళం జిల్లాలో సీటీ టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. చిన్న సెంటర్లలో, పదహారు స్లైసుల మెషీన్ల మీద, నైట్ డ్యూటీలో ఒక్కరే ఉండే మీలాంటివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. నాయిస్ తగ్గించడం అనగానే చాలామంది సాఫ్ట్‌వేర్ గురించి అడుగుతారు. ఆ పనిలో పెద్ద భాగం ఎక్స్‌పోజర్ బటన్ నొక్కకముందే అయిపోవాలి.

దీన్ని నేను ఒక పేషెంట్ నష్టపోయాక నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, అప్పుడు పని చేసిన సెంటర్‌కి షుగర్ ఉన్న ఒకావిడను తెచ్చారు. ఎడమ చెయ్యి లేవడం లేదు. షుగర్ పడిపోయి అలా ఉందేమోనని డాక్టరుకు అనుమానం. ఆవిడ తల తిప్పుతూనే ఉంది. నేను తొందరలో పట్టీ కట్టలేదు. ఇమేజ్ గీతలు గీతలుగా, రవ్వరవ్వగా వచ్చింది. బాగా కనిపించాలని స్మూతింగ్ ఫిల్టర్ వేసి, ఆ సిరీస్ ఒక్కటే పంపాను. నున్నగా, అందంగా ఉంది. రిపోర్టు నార్మల్ అని వచ్చింది. అనుమానం షుగర్ మీదికే మొగ్గింది, చూద్దామని ఆగారు. మర్నాడు మళ్లీ స్కాన్ తీస్తే కుడివైపు సగం మెదడు నల్లబడి ఉంది. రేడియాలజిస్ట్ అడిగితే, మెషీన్‌లో మిగిలిన మొదటి డేటాతో మళ్లీ స్లైసులు కట్టాను. కుడి ఇన్సులా (మెదడు పక్క మడత లోపల దాగి ఉండే భాగం) దగ్గర ఉండాల్సిన సన్నటి గ్రే అంచు మొదటి రాత్రే చెరిగిపోయి ఉంది. నా ఫిల్టర్ ఎడమవైపు అంచును కూడా అలుక్కుపోయేలా చేయడంతో రెండు వైపులా ఒకేలా కనిపించాయి. ఆవిడ చెయ్యి తిరిగి రాలేదు. ఆ రాత్రి సరిగ్గా చూపించి ఉంటే వచ్చేదని నేను అనలేను. కానీ నిర్ణయం తీసుకోవాల్సిన డాక్టరుకు నేను తప్పు బొమ్మ ఇచ్చాను.

పేషెంట్ రాకముందే

రోజూ పొద్దున ఎక్స్‌రే ట్యూబ్ వార్మప్, ఎయిర్ కాలిబ్రేషన్ (లోపల ఏమీ పెట్టకుండా డిటెక్టర్లను సరిచేయడం) చేయండి. రాత్రి కొన్ని గంటలు మెషీన్ ఖాళీగా ఉంటే మళ్లీ వార్మప్ కావాలి. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలు పేషెంట్ సమయంలోంచి పోకూడదు. పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని లెక్క. అందుకే క్యాజువాల్టీ సిస్టర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి: "పక్షవాతం కేసు వస్తోందని 108 వాళ్లు ఫోన్ చేయగానే నాకూ ఒక ఫోన్ కొట్టండి." పేషెంట్ గేటు దాటేలోపు మీ ట్యూబ్ సిద్ధంగా ఉంటుంది.

మనది సముద్రం గాలి. తేమ ఎక్కువ. కరెంటు పోతుంది, వస్తుంది. 2018లో తిత్లీ వచ్చినప్పుడు పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేని సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అంత పెద్ద తుపానే అక్కర్లేదు, కరెంటు పోయి ఏసీ ఆగినా డిటెక్టర్ల ఉష్ణోగ్రత మారిపోతుంది. మెషీన్ తిరిగి ఆన్ చేశాక డిటెక్టర్లు కుదురుకోవడానికి కంపెనీ చెప్పినంత సమయం ఇచ్చి, ఎయిర్ కాలిబ్రేషన్ చేశాకే పేషెంట్‌ని పెట్టండి. రాత్రుళ్లు ఖర్చు తగ్గుతుందని ఏసీ ఆపే అలవాటు ఉంటే మానేయమని యాజమాన్యానికి గట్టిగా చెప్పండి.

నీళ్ల ఫాంటమ్ (మెషీన్‌ని పరీక్షించడానికి నీళ్లు నింపిన డబ్బా) స్కాన్ చేసి ఒక నోటుబుక్కులో రెండు అంకెలు రాసుకోండి. మధ్యలో ఆర్‌ఓఐ (కొలవాల్సిన చోట గీసే చిన్న వృత్తం) పెడితే వచ్చే సగటు విలువ, దాని పక్కన చూపించే స్టాండర్డ్ డీవియేషన్, అంటే విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో. సగటు సున్నాకి నాలుగు అటూఇటూ దాటకూడదు. రెండో అంకే నాయిస్. నెలల తరబడి ఒకేలా ఉన్న అంకె పెరగడం మొదలైందంటే కళ్లకు తెలియకముందే మెషీన్ మీకు చెబుతోందన్నమాట. ఇంజనీరుకు ఫోన్ చేసినప్పుడు "ఇమేజ్ బాగోలేదు సార్" అంటే ఆయనకు ఏమీ తెలియదు. "గత నెల 4, ఇప్పుడు 5.5" అంటే ఏం వెతకాలో తెలుస్తుంది.

బల్ల మీద

మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే.

ముందు తల మీద చేయి పెట్టి చూడండి. మన ఊళ్ల ఆడవాళ్లకు కొప్పు ఉంటుంది, అందులో పిన్నులు ఉంటాయి. కొప్పు తల కింద ఉంటే తల ఒక పక్కకు ఒరిగిపోతుంది, కుడిఎడమలు పోల్చడం కుదరదు. కొప్పు విప్పి జుట్టు పైకి వేయండి. చెవి కమ్మలు, ముక్కుపుడక, మెడలో తాయెత్తు, కట్టుడు పళ్లు, చెవి మిషన్ తీసి బంధువుల చేతికి ఇవ్వండి. ముక్కుపుడక ఏళ్ల తరబడి బిగుసుకుపోయి రాకపోతే దానితో కుస్తీ పడొద్దు. అది స్కాన్ పరిధికి కిందనే ఉండిపోయేలా తల అమర్చుకుంటే చాలు. ఆక్సిజన్ గొట్టం, ఈసీజీ వైర్లు తల పక్క నుంచి వెళ్లకుండా చూడండి.

తలని హెడ్ హోల్డర్‌లోనే పెట్టాలి, బల్ల మీద దిండు వేసి కాదు. గడ్డం ఛాతీ వైపు వంగేలా తల వెనక చిన్న స్పాంజి పెట్టండి. కనుబొమ్మల నుంచి చెవి రంధ్రానికి గీసిన ఊహాగీత స్కాన్ తలానికి సమాంతరంగా రావాలి. గ్యాంట్రీ (బల్ల లోపలికి వెళ్లే గుండ్రటి చట్రం) వంగే మెషీన్ అయితే మిగతాది దానితో సరిచేయండి. దీనివల్ల కంటి లెన్స్ మీద రేడియేషన్ తగ్గుతుంది, చెవి వెనక గట్టి ఎముకల మధ్య వచ్చే నల్లపట్టీలు కూడా తగ్గుతాయి. ఆ పట్టీలు మామూలు నాయిస్ కాదు. డోసు పెంచినా పోవు. బ్రెయిన్‌స్టెమ్, చిన్నమెదడు ఉన్న చోటే పడతాయి కాబట్టి అక్కడి స్ట్రోక్‌ని దాచేస్తాయి. పొజిషనే వాటికి మొదటి మందు.

తర్వాత ఐసోసెంటర్, అంటే గ్యాంట్రీ నడిమధ్య బిందువు. లేజర్ గీత తల మధ్యలో పడాలి, ఎత్తులోనూ, అడ్డంలోనూ. ట్యూబ్ ముందు ఉండి అంచుల్లో కిరణాలను తగ్గించే బో-టై ఫిల్టర్ తల సరిగ్గా మధ్యలో ఉంటుందనే లెక్కతో తయారైంది. బల్ల కాస్త కిందికి ఉందనుకోండి, పైనుంచి తీసిన స్కౌట్‌లో (స్కాన్‌కి ముందు తీసే ఎక్స్‌రే బొమ్మలో) తల ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది. డోసుని తనంతట తానే నిర్ణయించే ఆటోమేటిక్ సెట్టింగ్ దాన్ని నమ్మి ట్యూబ్ కరెంటు తగ్గిస్తుంది, నాయిస్ పెరుగుతుంది. ఏ అంకే మార్చకుండానే ఇమేజ్ పాడవుతుంది. చాలామంది ఇలాంటప్పుడు మెషీన్‌ని తప్పుపడతారు.

ఇక కదలిక. నుదుటి మీద పట్టీ, గడ్డం కింద పట్టీ, రెండూ వేయండి. నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. కుడివైపు పడిపోయినవాళ్లలో చాలామందికి మాట కూడా పోతుంది. మనం చెప్పేది వాళ్లకు అర్థం కాకపోవచ్చు. "కదలకు, కదలకు" అని మైకులో అరిస్తే వాళ్లు బెదిరిపోయి ఇంకా కదులుతారు. లోపలికి వెళ్లి, బాగున్న చేతిని పట్టుకోండి. మీ తల కదపకుండా చూపించి, రెండు వేళ్లు ఎత్తి "రెండే నిమిషాలు తాతా" అని సైగ చేయండి. ఆ చెయ్యి మీ చేతిని తిరిగి పట్టుకుందంటే మీ మాట అందినట్టే. సీతంపేట కొండల నుంచి వచ్చే సవర పెద్దవాళ్లకు తెలుగు అంతగా రాకపోతే, వాళ్ల మనిషి చేత వాళ్ల భాషలోనే చెప్పించండి. అయినా ఆగకపోతే బంధువుకి లెడ్ ఏప్రాన్ వేసి పక్కన నిలబెట్టండి. గర్భిణిని మాత్రం వద్దు. మత్తు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి.

చదవడానికి ఇదంతా పొడుగ్గా ఉంది కానీ, చేతులు అలవాటుపడితే మూడు నిమిషాలు.

బటన్ నొక్కే ముందు చూడాల్సిన అంకెలు

నాయిస్ ఎక్స్‌రే ఫోటాన్ల కరువు వల్ల వస్తుంది. ఫోటాన్లు ఎంత తక్కువగా డిటెక్టర్‌కి చేరితే ఇసుక అంత ఎక్కువ. ఎంఏఎస్ (ట్యూబ్ కరెంటు ఎంఏని సమయంతో గుణిస్తే వచ్చేది) రెట్టింపు చేస్తే నాయిస్ సగం అవుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. అవ్వదు. సుమారు మూడో వంతు కంటే కూడా కాస్త తక్కువే తగ్గుతుంది. సగం చేయాలంటే డోసు నాలుగింతలు కావాలి. కాబట్టి ఎంఏఎస్ పెంచుకుంటూ పోవడం దారి కాదు.

పెద్దవాళ్ల ప్లెయిన్ (కాంట్రాస్ట్ మందు ఇవ్వని) బ్రెయిన్‌కి ట్యూబ్ వోల్టేజి 120 కేవీ ఉంచండి. పిచ్ (ట్యూబ్ ఒక చుట్టు తిరిగేలోపు బల్ల జరిగే దూరానికి, కిరణపుంజం వెడల్పుకి ఉన్న నిష్పత్తి) ఒకటి కంటే తక్కువ ఉండాలి. ఛెస్ట్‌కి వాడిన పిచ్ అలాగే ఉండిపోయిందేమో చూసుకోండి. రొటేషన్ టైమ్ తగ్గిస్తే ఎంఏఎస్ కూడా తగ్గుతుంది. కదిలే పేషెంట్‌కి వేగం పెంచినప్పుడు ఎంఏ కూడా ఆ మేరకు పెంచాలి. కన్సోల్ మీద సీటీడీఐ వాల్యూమ్ (ఈ స్కాన్ డోసు ఎంతో చెప్పే అంకె) చూడండి. పెద్దవాళ్ల తలకు సాధారణంగా 50-60 మిల్లీగ్రే దగ్గర ఉంటుంది. 20 చూపిస్తే ఏదో తప్పు జరిగింది, ఇమేజ్ పనికిరాదు. 75 దాటితే కూడా ఆగి కారణం వెతకండి. పిల్లలకు పెద్దవాళ్ల ప్రోటోకాల్ ఎప్పుడూ వాడొద్దు.

స్లైసులు కట్టడం

అన్నిటికంటే చవకైన, నమ్మకమైన డీనాయిసింగ్ మీ కన్సోల్‌లోనే ఉంది: మందపాటి స్లైస్. సన్నటి 0.625 మిల్లీమీటర్ల స్లైసులు ఎనిమిది కలిపి సగటు తీస్తే 5 మిల్లీమీటర్ల స్లైస్ వస్తుంది. నాయిస్ సుమారు మూడో వంతుకు దిగుతుంది. పేషెంట్‌కి అదనంగా ఒక్క ఎక్స్‌రే కూడా తగలదు. ఎంపీఆర్‌లో (సన్న స్లైసుల నుంచి కొత్త స్లైసులు కట్టే ప్రోగ్రామ్‌లో) యావరేజ్ పెట్టండి. ఎంఐపీ పెట్టకండి, అది ఎక్కువ విలువల్నే ఏరుకుని చూపిస్తుంది, ఇక్కడ పనికిరాదు.

అలాగని సన్నవి పారేయొద్దు. మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీలో ఇరుక్కున్న గడ్డ తెల్లటి దారంలా కనబడేది సన్న స్లైసుల్లోనే. 5 మిల్లీమీటర్లలో అది పక్కనున్న నీటితో కలిసి మసకబారుతుంది. మెదడు కణజాలం చూడటానికి మందం, రక్తనాళం చూడటానికి సన్నం. రెండూ పంపండి.

కెర్నల్ (ఇమేజ్‌ని ఎంత పదునుగా కట్టాలో చెప్పే సెట్టింగ్) సాఫ్ట్ టిష్యూది పెట్టండి. బోన్ కెర్నల్ విడిగా ఇంకో సిరీస్. పొరపాటున బోన్ కెర్నల్‌తో మెదడు చూస్తే ఎంత మంచి స్కానైనా గరుగ్గా ఉంటుంది.

మెషీన్‌లో ఇటరేటివ్ రీకన్‌స్ట్రక్షన్ (మళ్లీ మళ్లీ లెక్క సరిచేస్తూ నాయిస్ తగ్గించే పద్ధతి) ఉంటే వాడండి, మధ్యస్థంగా. పూర్తిగా పెంచితే మెదడు ప్లాస్టిక్ బొమ్మలా నున్నగా అవుతుంది. ఏ లెవెల్ ఉంచాలో పగటిపూట మీ రేడియాలజిస్ట్‌తో కూర్చుని, ఒకే స్కాన్‌ని మూడు లెవెల్స్‌లో కట్టి చూపించి, ఆయన ఎంచుకున్నదాన్ని ప్రోటోకాల్‌గా సేవ్ చేయండి. రాత్రి రెండింటికి సొంతంగా మార్చొద్దు.

ఇప్పుడు విండో, అంటే ఏ విలువ నుంచి ఏ విలువ దాకా నలుపు తెలుపుల మధ్య చూపించాలన్నది. మామూలు బ్రెయిన్ విండో వెడల్పు 80, లెవెల్ 40. స్ట్రోక్ కోసం వెడల్పు 40కి తగ్గించి చూడండి. రెండున్నర యూనిట్ల తేడా అప్పుడు కంటికి ఆనుతుంది. సన్న విండోలో నాయిస్ కూడా అంతే పెద్దదిగా కనిపిస్తుంది, అందుకే దీన్ని మందపాటి స్లైసుల మీదే వాడాలి. ఇన్సులా అంచు, మెదడు లోతులో ఉండే గ్రే మేటర్ ముద్ద లెంటిఫామ్ న్యూక్లియస్ రెండు వైపులా ఒకేలా ఉన్నాయో లేదో పోల్చండి. ఈ చోట్లతో కలిపి పది భాగాలకు మార్కులు వేసే ఆస్పెక్ట్స్ పద్ధతి 2000 నుంచి వాడుకలో ఉంది. మార్కులు వేయడం మన పని కాదు, కానీ ఆ పది చోట్లు ఎక్కడున్నాయో తెలిసిన టెక్నీషియన్ ఇమేజ్ పనికొస్తుందో లేదో వెంటనే చెప్పగలడు.

ఇక్కడ ఉద్దానం మాట చెప్పాలి. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస వైపు నుంచి వచ్చేవాళ్లలో కిడ్నీ జబ్బు ఎక్కువ. కాంట్రాస్ట్ ఇచ్చి యాంజియో తీయాలా అని డాక్టరు ఆలోచించాల్సి వచ్చినప్పుడు, చేతిలో ఉన్న ప్లెయిన్ స్కాన్ మీద బరువంతా పడుతుంది. డయాలసిస్ చేయించుకుంటున్నారా, క్రియాటినిన్ ఎంత అని బల్ల ఎక్కించేటప్పుడే అడిగి డాక్టరుకు చెప్పండి. ఈ పేషెంట్లలో ఇంకో రెండు సంగతులు గమనించండి. రక్తనాళాల గోడల్లో సున్నం పేరుకుని తెల్లగా ఉంటే అది గడ్డలా భ్రమపెడుతుంది. ఆర్‌ఓఐ పెట్టి చూడండి, విలువ వంద దాటితే సున్నమే అయి ఉంటుంది. రక్తహీనత బాగా ఉన్నవాళ్లలో కొత్త రక్తస్రావం కూడా అనుకున్నంత తెల్లగా ఉండదు, నాయిస్ ఉంటే తప్పించుకుపోతుంది.

పంపే ముందు చివరి పరీక్ష. 5 మిల్లీమీటర్ల స్లైస్‌లో, వెంట్రికల్స్‌కి (మెదడు లోపలి నీటి గదులకి) పైన వైట్ మేటర్‌లో ఒక చదరపు సెంటీమీటరు ఆర్‌ఓఐ పెట్టి స్టాండర్డ్ డీవియేషన్ చూడండి. నేను పని చేసిన మెషీన్ల మీద అది 3-4 దగ్గర ఉంటే తృప్తిగా పంపుతాను. 6 దాటితే వెనక్కి వెళ్లి కారణం వెతుకుతాను.

సాఫ్ట్‌వేర్‌తో తీయాలనుకుంటే

మీడియన్, గాసియన్ ఫిల్టర్లు ఇసుకతో పాటు అంచుల్ని కూడా తుడిచేస్తాయి. ధూళి ఊడవబోయి ముగ్గు చెరిపినట్టు. నాన్-లోకల్ మీన్స్ అనే పద్ధతి వీటికంటే మేలు. అది ఇమేజ్‌లో ఒకదాన్నొకటి పోలిన చిన్న ముక్కల్ని వెతికి వాటి సగటు తీస్తుంది కాబట్టి అంచులు కొంతవరకు నిలుస్తాయి. ఇప్పుడు కొత్త మెషీన్లలో డీప్ లెర్నింగ్ రీకన్‌స్ట్రక్షన్ వస్తోంది. మంచి స్కాన్ ఎలా ఉంటుందో వేల ఇమేజ్‌లతో నేర్పిన ప్రోగ్రామ్ అది. ఏది వాడినా ముందు ఈ పరీక్ష చేయండి.

పేరు, నంబరు తీసేసిన పాత స్కాన్ ఒకటి తీసుకోండి. ఉచితంగా దొరికే ఇమేజ్‌జే ప్రోగ్రామ్‌లో తెరవండి. మొదటి ఇమేజ్‌లోంచి ఫిల్టర్ వేసిన ఇమేజ్‌ని తీసివేసి, మిగిలినదాన్ని చూడండి. అందులో ఉత్త ఇసుక మాత్రమే ఉంటే ఫిల్టర్ నాయిస్‌నే తీసింది. వెంట్రికల్స్ ఆకారం, మెదడు మడతల గీతలు నీడలా కనిపిస్తే అది నాయిస్‌తో పాటు మెదడుని కూడా తినేస్తోంది. నా పాత స్మూతింగ్ ఫిల్టర్‌ని ఇలా చూసిన రోజు, తీసివేసిన ఇమేజ్‌లో ఇన్సులా గీత స్పష్టంగా కనబడింది. ఆ రాత్రి రేడియాలజిస్ట్‌కి కావాల్సిన గీత అదే.

పరీక్షలో నెగ్గిన ఫిల్టర్ అయినా దాని ఇమేజ్ ఒక్కటే పంపకండి. ఫిల్టర్ వేసిన సిరీస్‌కి ఆ సంగతి తెలిసేలా పేరు పెట్టి, అసలు సిరీస్‌తో కలిపే పంపండి. రిపోర్టు వచ్చేదాకా రా డేటా (ఇమేజ్ కట్టకముందు డిటెక్టర్లు నమోదు చేసిన కొలతలు) డిలీట్ చేయొద్దు.

పంపడం

ఇంత కష్టపడి తీసి, చివర్లో మానిటర్‌కి ఫోన్ పెట్టి ఫోటో కొట్టి వాట్సాప్‌లో పంపితే అన్నీ నీళ్లపాలే. ఫోటోలో స్క్రీన్ చారలు వస్తాయి, వాట్సాప్ దాన్ని ఇంకా నలిపేస్తుంది. రెండున్నర యూనిట్ల తేడా అక్కడే చచ్చిపోతుంది. డైకామ్ ఫైళ్లే (స్కాన్ అసలు విలువలు ఉండే ఫైళ్లు) పంపండి. ఆ దారి లేనప్పుడు కన్సోల్ నుంచి స్ట్రోక్ విండోలో ఇమేజ్‌లు ఎక్స్‌పోర్ట్ చేసి, పేషెంట్ పేరు కనబడకుండా, ఫోటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి.

కింద నాలుగు మాటలు టైప్ చేయండి: చివరిసారి బాగున్నట్టు చూసిన టైమ్, ఏ వైపు పడిపోయింది, తల కదిలిందా, ఏ స్లైసుల్లో కదిలింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సమయం సాధారణంగా, చివరిసారి బాగున్న క్షణం నుంచి నాలుగున్నర గంటలు. ఆ టైమ్ మీరు రాస్తే ఫోన్ తీసిన డాక్టరు మళ్లీ అడగక్కర్లేదు. విశాఖ పంపాలని నిర్ణయమైతే సీడీ రాసి 108 డ్రైవరు చేతికి ఇవ్వండి, ఫైళ్లు మాత్రం అప్పుడే పంపేయండి. బండి రణస్థలం దాటకముందే అక్కడి డాక్టరు ఆ ఇమేజ్ చూస్తూ ఉండాలి.